మా చిన్న సంస్థ గురించి పత్రికల్లో రావాలంటే?

ప్రశ్న: మరపడవల వారి కోసం ఐసు త్వరగా కరగని పెట్టెలు తయారుచేసే చిన్న అంకుర సంస్థను ముగ్గురం కలిసి ప్రారంభించాము. పత్రికలన్నింటికీ ప్రకటన పంపినా ఎవరూ వేయలేదు. ఏమి చేయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సంస్థ పెట్టడం మీకు పెద్ద సంగతే గాని, విలేకరికి అదొక్కటే వార్త కాదమ్మా, మీ పెట్టె వల్ల ఒక్కో వేటకు ఎన్ని ఐసు దిమ్మలు మిగిలాయో ఒక పడవ యజమాని తన నోటితో లెక్క చెప్పగలిగితే, అది వార్త అవుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కనుక, పడవలు మళ్లీ సముద్రానికి సిద్ధమయ్యే జూన్ రెండో వారం మీకు మంచి అదను. అందరికీ ఒకే ప్రకటన పంపడం మాని, జిల్లా పేజీలు కొన్నాళ్లు శ్రద్ధగా చదివి, చేపల రేవు సంగతులు రాసే విలేకరి ఎవరో తెలుసుకొని, ఆయనకు నాలుగు వాక్యాల ఉత్తరం, స్పష్టమైన ఫోటో, ఆ యజమాని అనుమతితో ఆయన ఫోన్ నంబరు పంపండి. 1974లో ‘ఈనాడు’ పుట్టిన ఊరు మీది. స్థానిక వార్త విలువ అక్కడి విలేకరులకు బాగా తెలుసు. సాయంత్రం పేజీలు సిద్ధమయ్యే వేళ మాత్రం ఫోన్ చేయవద్దు. డబ్బిస్తే వార్తగా వేస్తామనేవారు ఎదురైతే నిస్సంకోచంగా నిరాకరించండి. డబ్బు తీసుకున్న వాణిజ్య ప్రకటనను వార్తగా చూపడం పాఠకులను మోసగించడమేనని నా దృఢాభిప్రాయం.