పేగుల్లోని బ్యాక్టీరియాకీ డిప్రెషన్‌కీ సంబంధం ఉందా? పెరుగు, ప్రోబయాటిక్స్ (మంచి బ్యాక్టీరియా ఉండే క్యాప్సూల్స్ లాంటివి) తింటే గోలీలు మానేయొచ్చా?

సంబంధం ఉన్నట్టే కనిపిస్తోంది. గోలీలు మాత్రం మానొద్దు, నేను మానేసి చూసినవాణ్ణే.

మాది హనుమకొండ. రెండేళ్ల కింద టైఫాయిడ్ వచ్చి యాంటీబయాటిక్స్ వాడాను, జ్వరం పోయింది గానీ కడుపు కుదుటపడలేదు, తర్వాత కొన్నాళ్లకే స్నానం చేయడానికి కూడా లేవబుద్ధి కాని పరిస్థితి. డాక్టర్ డిప్రెషన్ అని మందులు రాశారు. కాస్త తేరుకున్నాక, మూడ్‌తో సంబంధం ఉందని చెప్పే సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో 90 శాతం దాకా పేగుల్లోనే తయారవుతుందని ఎక్కడో చదివి, ఇంకేముంది, కడుపు బాగుచేసుకుంటే చాలనుకుని ఎవరికీ చెప్పకుండా గోలీలు ఆపేసి ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ తెచ్చుకున్నా. ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన పెట్టేవాణ్ణి. మూడు వారాలకు కథ మళ్లీ మొదటికొచ్చింది, పైగా తల తిరగడం, నిద్ర పట్టకపోవడం. నేను చదవని సగం ఏంటంటే, పేగుల్లో తయారైన సెరటోనిన్ రక్తంలోంచి మెదడులోకి వెళ్లలేదు.

అసలు లింకు ఇన్‌ఫ్లమేషన్ దగ్గర, అంటే ఇన్ఫెక్షన్‌కో దెబ్బకో ఒళ్లు ఎదురుతిరిగినప్పుడు వచ్చే వాపు దగ్గర, ఉండొచ్చంటున్నారు. మనం తినే పీచును కొన్ని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి, పెద్దపేగు లోపలి కణాలకు అదే తిండి. ఆ కణాల పొర దెబ్బతింటే బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి దూరతాయి, ఒళ్లు సైటోకైన్లు (రోగనిరోధక కణాలు పంపే సంకేత ప్రోటీన్లు) వదులుతుంది, వాటి ప్రభావం మెదడు దాకా పోతుంది. జ్వరమొస్తే ఎవరితోనూ మాట్లాడకుండా దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపిస్తుంది చూడండి, అది వీటి పనే. హెపటైటిస్ సి అనే లివర్ జబ్బుకి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లలో చాలామందికి డిప్రెషన్ వచ్చేది, ఇంటర్‌ఫెరాన్ కూడా ఒక సైటోకైనే. అయితే డిప్రెషన్ ఉన్న అందరిలోనూ ఇన్‌ఫ్లమేషన్ ఉండదు.

2019లో బెల్జియంలో వెయ్యిమందికి పైగా పరీక్షిస్తే డిప్రెషన్ ఉన్నవాళ్లలో కోప్రోకాకస్, డయాలిస్టర్ అనే బ్యాక్టీరియా తక్కువగా కనిపించాయి. అవి తగ్గి డిప్రెషన్ వచ్చిందా, డిప్రెషన్‌లో తిండి పాడై అవి తగ్గాయా? నేనైతే ఆ నెలలన్నీ చాయ్ బిస్కెట్లతోనే గడిపా!

తిండి మార్చి చూసిన ప్రయోగం 2017లో ఆస్ట్రేలియాది. 67 మంది, 12 వారాలు. కూరగాయలు, పప్పులు, చేపలు పెంచినవాళ్లలో 32 శాతం మంది కోలుకుంటే రెండో గుంపులో 8 శాతమే. చిన్న ప్రయోగం, పైగా ఎక్కువమంది అప్పటికే మందులో కౌన్సెలింగో తీసుకుంటున్నవాళ్లు.

ఇప్పుడు పొద్దున అమ్మ చేసే జొన్న గటకలో చల్ల పోసుకుని ఉల్లిగడ్డ నంజుకుంటున్నా, కడుపైతే తేలికపడింది. గోలీ కూడా నడుస్తోంది, డాక్టరే కొంచెం కొంచెంగా డోసు తగ్గిస్తున్నారు.