కాఫీ కప్పు పక్కన పెట్టు

చిరంజీవికి,

గణిత మోడళ్ళను టోపాలజీతో, అంటే సాగదీసినా వంచినా మారని ఆకార లక్షణాల లెక్కతో, పోల్చడం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరా కొట్టేశాను, ఏమీ అనుకోకు. కాఫీ కప్పును సాగదీస్తే డోనట్ అవుతుందన్న ముచ్చట అందరూ చెప్పేదే. చదివినవాడు నవ్వుకుంటాడు గానీ, ఇక్కడ లెక్కపెట్టేది దేన్నో అతనికి తెలియదు. ముందు అది చూపించు.

కాగితం మీద 6 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయి. కంపాస్ వెడల్పు మార్చకుండా చుట్టూ ఆరు చుక్కలు పెట్టి, వృత్తం చెరిపేయి. ఈ చుక్కలే మన డేటా అనుకో. ఇప్పుడు ప్రతి చుక్కా ఒక బిళ్ళలా పెరుగుతోందనుకో. బిళ్ళల వ్యాసార్థం 3కి రాగానే పక్కపక్కవి తాకుతాయి, మధ్యలో ఒక రంధ్రం పుడుతుంది. 6కి వచ్చేసరికి అది పూడిపోతుంది. 3లో పుట్టి 6లో పోయింది, అదీ దాని ఆయుష్షు. పెర్సిస్టెంట్ హోమాలజీ అన్న పెద్ద పేరు వెనక జరిగే పని ఇదే. (రంధ్రం అంటే ముక్కు గుర్తొస్తుందని నువ్వు 'కన్నం' అని రాశావు. కన్నం అంటే నాకు దొంగ గుర్తొచ్చాడు. రంధ్రమే ఉంచు.)

ఇప్పుడు సరిగ్గా నడిమధ్య ఇంకో చుక్క పెట్టు. పెద్ద రంధ్రం ఇక పుట్టదు. దాని బదులు ఆరు చిన్నవి, 3లో పుట్టి సుమారు 3.46లోనే పోతాయి. ఒక్క చుక్క చేసిన పని! నువ్వేమో 'డేటాలో తప్పులున్నా ఈ పద్ధతికి ఢోకా లేదు' అని రాశావు. చుక్కలన్నీ కాస్త కాస్త జరిగితే ఆయుష్షులూ కాస్తే మారతాయి, దానికి 2007లో అచ్చయిన రుజువు ఉంది. దారితప్పిన చుక్క ఒకటి వచ్చి మధ్యలో కూర్చుంటే మాత్రం ఆ రుజువు ఆదుకోదు.

గుంపుగా కదిలే కణాల (పార్టికల్స్) ఉదాహరణ బాగా ఎంచుకున్నావు, కానీ ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే ఆగాల్సింది. 1995లో భౌతికశాస్త్రవేత్త విచెక్ బృందం ఇచ్చిన మోడల్‌లో ప్రతి కణమూ తన చుట్టుపక్కలవాటి సగటు దిశను పట్టుకుని, కొంచెం తడబడుతూ కదులుతుంది. అవి ఎంతవరకు ఒకే దిక్కుకు పోతున్నాయో చెప్పడానికి 0 నుంచి 1 దాకా ఒక సంఖ్య వాడతారు. ఒకే గుంపుగా తూర్పుకు పోతే 1. రెండు గుంపులుగా విడిపోయి రెండూ తూర్పుకే పోయినా 1. ఆ సంఖ్యను ఎంతసేపు చూసినా తేడా దొరకదు. విడివిడి ముక్కలెన్నో లెక్కపెడితే ఒకచోట 1, ఇంకోచోట 2. 2015లో గణితవేత్త టోపాజ్, ఆయన సహచరులు ఇలాంటి గుంపు మోడళ్ళను పరిశీలించింది ముక్కల్నీ రంధ్రాల్నీ లెక్కపెట్టే ఈ దారిలోనే.

మూడో పేజీలో రెండు సంగతులు కలిపేశావు. మోడల్‌ని నడిపితే వచ్చే చుక్కల ఆకారం వేరు, మోడల్ లోపలి నిర్మాణపు ఆకారం వేరు. జీవి ఒంటి మీద నమూనాలు ఎలా ఏర్పడతాయన్నదానికి గణితవేత్త ట్యూరింగ్ 1952లో ఒక దారి చెప్పాడు, జీవశాస్త్రవేత్త వోల్పర్ట్ 1969లో ఇంకొకటి. వాటిని నడపకుండానే, ఏ భాగం ఏ భాగంతో కలిసి పనిచేస్తుందో బిందువులుగా, గీతలుగా, త్రిభుజాలుగా పేర్చి పోల్చవచ్చు. ఇది రెండో రకం. దీనికి వేరే పేరా కావాలి.

చివర్లో 'టోపాలజీ అసలైన మోడల్‌ని తేల్చేసింది' అన్నావు. ఒకప్పుడు నేనూ అదే రాశాను. చదివిన లెక్కల మాస్టారు ఒకాయన "తేల్చింది టోపాలజీనా, నువ్వా?" అన్నారు. రెండు మోడళ్ళు ఒకే ఆకారం ఇవ్వవచ్చు, లోపలి కారణాలు వేరై ఉండవచ్చు. మోడల్ ఇచ్చిన ఆకారం అసలు డేటా ఆకారంతో కలవకపోతే, ఆ మోడల్ మీద అనుమానానికి చోటుంది. కలిస్తే, ఇంకా పని మిగిలిందనే అర్థం.

వచ్చే వారంలోగా రెండో పేజీ తిరగరాసి పంపు. ఆరు చుక్కల కాగితం ఫోటో కూడా జతచెయ్యి. గీయకుండా రాస్తే నాకు తెలిసిపోతుంది.