ఏడు గళ్ళలో పోర్టు

మహారాణిపేట,
విశాఖపట్నం.

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఇంగ్లీషులో ఏడక్షరాల మాటలు, ఒక్కోదాంట్లో పి, ఓ, ఆర్, టి నాలుగూ ఉండాలి, అలాంటివి పది రాయమన్నారట. ఎయిర్‌పోర్ట్, సపోర్ట్, పోర్షన్ రాసి అక్కడే ఆగిపోయానని టెన్షన్ పడుతున్నావు. నీకు మాటలు చాలానే వచ్చమ్మా. వాటిని బయటికి లాగే పద్ధతి ఎవరూ చెప్పలేదు, అంతే. పూర్ణా మార్కెట్ దగ్గర ప్రెస్సులో ముప్పై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చాను కదా, నా చేతులు నేర్చుకున్నది నీకు చెప్తాను.

మాటని చెవితో వెతకడం ముందు మానెయ్. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి చెవి సరిపోతుంది. పైగా మాట మొదట్లో తప్ప మన అచ్చు గుణింతమై హల్లు మీదే కూర్చుంటుంది, వేరే చోటు అడగదు. ‘విశాఖ’కి తెలుగు గళ్ళనుడిలో మూడు గళ్ళు చాలు. ఇంగ్లీషులో రాస్తే ఏడు కావాలి, వేళ్ళ మీద లెక్కపెట్టుకో. నైఫ్‌లో కె వినపడదు, ఐలాండ్‌లో ఎస్ వినపడదు. హార్ట్, ఎర్త్ అని పైకి అను. పోలికే లేదు. కానీ రెండింటిలోనూ ఉన్నవి అవే అయిదక్షరాలు. అక్షరాలు పేర్చే చిన్న చట్రంలో, అంటే కంపోజింగ్ స్టిక్‌లో, అవి తలకిందులుగా, అద్దంలో బొమ్మలా కనిపించేవి. అలా రోజూ చూడబట్టి ఇంగ్లీషు మాట నాకు ముందు ఆకారంగా కనిపిస్తుంది, తర్వాతే వినపడుతుంది. నీకూ ఆ చూపు రావాలంటే, ఇచ్చిన అక్షరాల్ని వరసగా రాయకు. కాగితం మధ్యలో గుండ్రంగా రాసుకో. వరసగా ఉంటే కన్ను ఆ వరసకే అతుక్కుపోతుంది.

ఇక నీ లెక్క. ఏడు గీతలు గీయి. ‘పోర్ట్’ని ముందు ఒకే ముక్కగా ఉంచి, ఆ గీతల మీద జరుపుతూ పో. చివర పెడితే ముందు మూడు గళ్ళు ఖాళీ: నువ్వు రాసినవే కాక సీపోర్ట్, కార్‌పోర్ట్ వస్తాయి. మొదట పెడితే వెనక మూడు ఖాళీ: పోర్షన్, పోర్ట్రే, ఇళ్ళ ముందు ఉండే పోర్టికో. మధ్యకి జరిపి చివర్న ఒక ఎస్ తగిలిస్తే ఇంపోర్ట్స్, ఎక్స్‌పోర్ట్స్, రిపోర్ట్స్. షిప్పింగ్ ఏజెంట్ల ఫారాల కోసం ఆ మొదటి రెండు మాటలూ ఎన్ని వేలసార్లు పేర్చానో! ఇప్పటికే పదయ్యాయి, చూశావా?

అయినా అక్కడ ఆగకు. అసలు సంగతి ఆ ముక్క విరిచాక ఉంది. నాలుగక్షరాలూ పక్కపక్కనే ఉండాలని ఎవరూ అనలేదు. వాటిని విడదీసి, ఇంగ్లీషులో కలిసి తిరిగే జంటల్ని పట్టుకో. పి-ఆర్ జంట మొదట పెడితే ప్రొటెక్ట్. టి-ఆర్ పెడితే ట్రాపిక్స్, ట్రూపర్. చివర వై ఉంచి వెనక్కి నడిస్తే పౌల్ట్రీ, పాటరీ. మొదట ఓ పెడితే ఆపరేట్. వీటిలో ఒక్కదాంట్లోనూ ‘పోర్ట్’ వినపడదు. చెవితో వెతికినంతసేపూ దొరకనివి ఇవే.

ఖాళీ గళ్ళలో ఏం పెట్టాలో తోచనప్పుడు మా టైపు కేసుని, అంటే సీసపు అక్షరాల్ని విడివిడి గళ్ళలో ఉంచే పెట్టెని, గుర్తు చేసుకో. స్మాల్ లెటర్ ‘ఇ’ గడి అన్నిటికన్నా పెద్దది, చేతికి దగ్గరగా ఉండేది. జె, క్యూ, ఎక్స్, జెడ్ గళ్ళు చిన్నవి, ఓ పక్కగా ఉండేవి. ఏది ఎక్కువ వాడతామో కేసు చూస్తేనే తెలిసిపోయేది. అక్షరాల బిళ్ళలతో మాటలు పేర్చే స్క్రాబుల్ ఆటని కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ కూడా వార్తాపత్రికల్లో అక్షరాలు లెక్కపెట్టే బిళ్ళలు పంచాడు. వందలో ‘ఇ’ పన్నెండు, క్యూ ఒక్కటే, దానికి 10 పాయింట్లు. దాచిన అయిదక్షరాల మాటని కనిపెట్టాలని నువ్వు ఆడే వర్డిల్‌లోనూ ఇదే వరస నడుస్తుంది. మొదటి ప్రయత్నంలో ఇ, ఏ, ఆర్, టి లాంటివి ఉన్న మాట వెయ్యి. క్యూ, జెడ్‌ల జోలికి తొందరపడి పోకు.

రెండక్షరాల చోటు తెలియడం ఎంత లాభమో లెక్కలో చూడు. అయిదు గళ్ళని 26 అక్షరాలతో 1,18,81,376 రకాలుగా నింపొచ్చు. రెండు గళ్ళు తేలితే మిగిలేవి 17,576. అందులోనూ చాలావరకు నోరు తిరగనివి. సి-కె జంట మామూలు మాటల మొదట్లో రాదు, ఎన్-జి కూడా రాదు. క్యూ వస్తే దాదాపు ఎప్పుడూ వెనకాలే యు వస్తుంది. ఇలాంటివి నాలుగైదు తెలిస్తే వేలు పదుల్లోకి దిగుతాయి.

డిక్షనరీ మొదటి అక్షరం తెలిస్తేనే సాయం చేస్తుంది. చివరి అక్షరం మాత్రమే తెలిసినప్పుడు అందులో వెతకడం ఉత్త శ్రమ. అందుకే ఒక నోటుబుక్ పెట్టుకో. అయిదక్షరాలకి కొన్ని పేజీలు, ఆరుకి కొన్ని, ఏడుకి కొన్ని. ప్రతి పేజీలోనూ మాటల్ని తోకల్ని బట్టి రాయి. నెట్‌లో వన్‌లుక్ లాంటివి ఉన్నాయి, తెలియని ప్రతి గడికీ ఒక ప్రశ్నార్థకం పెడితే జాబితా ఇచ్చేస్తాయి. వాడుకో, తప్పేం లేదు. కానీ ముందు ఒక అరగంట కాగితంతో కూర్చో. నీకు తట్టకుండా అందులో దొరికిన మాటల్ని వేరే రంగు పెన్నుతో రాసుకో. నీ కన్ను ఏ జంటల్ని దాటేస్తోందో ఆ రంగే చూపిస్తుంది.

రెండో ప్రశ్న అడిగావు కదా, ఎనిమిదక్షరాలు, అచ్చు ఒక్కటే. జవాబు చెప్పను, సగం దూరం తీసుకెళ్తాను. అచ్చు ఒక్కటే అంటే హల్లులు గుంపులుగా ఉండాలి. మొదట మూడు కలిసేవి తక్కువ, ఎస్-టి-ఆర్ పెట్టు. చివర టి-హెచ్ పెట్టు. దాని ముందు ఎన్-జి కూర్చుంటుంది. ఏడు గళ్ళు నిండాయి, మధ్యలో ఒక్కటి మిగిలింది. మా కేసులో అన్నిటికన్నా పెద్ద గడి ఏదో పైన చెప్పాను. ఆదివారం నువ్వు వచ్చేసరికి ఆ మాట నోటుబుక్‌లో ఉండాలి.

ప్రేమతో,
తాతయ్య