బోర్డులో ‘ట్రాన్స్ ఫ్యాట్ ఫ్రీ’, పఫ్‌లో 0.36 గ్రాములు

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. దగ్గర్లోని బేకరీలో ‘ట్రాన్స్ ఫ్యాట్ ఫ్రీ’ (గుండెకు చేటు చేసే ఆ కొవ్వు లేదని) బోర్డు నమ్మి నాన్నగారికి ఏడాదిన్నర పాటు రోజూ పఫ్‌లు తెచ్చాను. 16 నెలల క్రితం ఆయనకు గుండెపోటు వచ్చింది. గత నెల ఒక పఫ్ కొని ప్రైవేటు ల్యాబుకు ఇస్తే కొవ్వు 24 శాతం, ఆ కొవ్వులో ట్రాన్స్ ఫ్యాట్ 1.5 శాతం అని వచ్చింది. ‘2 శాతం లోపే కదా’ అంటున్నాడు యజమాని. బిల్లుల్లేవు, యూపీఐ చెల్లింపులే. రిపోర్టు వాట్సాప్‌లో పెడతానని చెప్తే 5 లక్షలకు దిగొస్తాడని మిత్రుల సలహా. 25 లక్షలకు కేసు వేయవచ్చా?

జవాబు: గుండెపోటును పక్కన పెట్టండి. పఫ్‌ల వల్లే వచ్చిందని ఏ డాక్టరూ ప్రమాణం చేసి చెప్పలేడు. ఆ వాదన ఎత్తుకుంటే అవతలి వకీలు మీ నాన్నగారి షుగరు, బీపీ, సిగరెట్లు అన్నీ బయటికి లాగుతాడు. మీ కేసుకు ప్రాణం ఆ బోర్డే.

యజమాని చెప్పింది సగం నిజం. ఆహారంలోని నూనె, కొవ్వుల్లో పారిశ్రామిక ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టేది) 2022 జనవరి 1 నుంచి 2 శాతం మించకూడదు. ఆ లెక్కన 1.5 తప్పు కాదు. కానీ బోర్డు పెట్టమని అతన్నెవరూ బలవంతం చేయలేదు. ఇష్టపడి పెట్టాక కొలత మారిపోతుంది: 100 గ్రాముల పఫ్‌లో ట్రాన్స్ ఫ్యాట్ 0.2 గ్రాముల లోపే ఉండాలి. 24 గ్రాముల కొవ్వులో 1.5 శాతమంటే 0.36 గ్రాములు. అమ్మిన సరుకు చట్టబద్ధం, బోర్డు అబద్ధం. బేకరీవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం లోపున్న మార్జరిన్ (వెన్నకు బదులు వాడే కొవ్వు) కొంటే చాలనుకుంటారు; ఇంత కొవ్వున్న పఫ్‌కు ఆ బోర్డు నిలబడాలంటే కొవ్వులో ట్రాన్స్ ఫ్యాట్ 0.83 శాతం దాటకూడదు.

అయితే మీ రిపోర్టుతో దాన్ని రుజువు చేయలేరు. విడి పఫ్, సీలు లేదు, సాక్షి లేడు, ల్యాబుకు ఇచ్చిందీ మీరే. యూపీఐ రికార్డు డబ్బు వెళ్లిందని చెబుతుంది, ఏం కొన్నారో చెప్పదు. ఏడాదిన్నరలో ఒక్క బిల్లయినా అడగకపోవడం మీ నిర్లక్ష్యమే. పైగా వెన్న, నెయ్యిలో సహజంగానే ట్రాన్స్ ఫ్యాట్ ఉంటుంది. ‘మాది బటర్ పఫ్, అది వెన్నలోదే’ అంటే మీ రిపోర్టులో జవాబు లేదు.

వాట్సాప్ బెదిరింపు జోలికి అస్సలు పోవద్దు. ‘డబ్బివ్వు, లేదా పరువు తీస్తా’ అన్న ఒక్క మెసేజ్‌తో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308 కింద మీరే ముద్దాయి అవుతారు. డబ్బు చేతికి రాకున్నా శిక్ష రెండేళ్ల దాకా, వస్తే ఏడేళ్ల దాకా ఉంటుంది.

బోర్డు ఇంకా ఉంటే దుకాణం పేరుతో కలిపి ఫొటో తీయండి. సరుకు పేరున్న బిల్లుతో మళ్లీ కొనండి. కొనేటప్పుడే పరీక్షకు పంపుతున్నానని యజమానికి చెప్పాలి. ఆహార భద్రతా చట్టం సెక్షన్ 40 షరతు అది. ఫుడ్ ఎనలిస్టుకు (ప్రభుత్వం నియమించిన ఆహార పరీక్షకుడికి) కట్టిన ఫీజు, ఉల్లంఘన తేలితే తిరిగొస్తుంది. పారిశ్రామిక, సహజ ట్రాన్స్ ఫ్యాట్లను విడివిడిగా, 100 గ్రాముల పఫ్‌కు లెక్కగట్టి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకు కూడా ఫిర్యాదు ఇవ్వండి. ఆయన తీసిన సీలు వేసిన శాంపిల్‌కున్న బలం మీ పఫ్‌కు రాదు.

వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు. మీ పాత కొనుగోళ్లలో చాలావాటికి అది దాటిపోయింది, మిగిలినవి ఎనిమిది నెలల్లో దాటతాయి. అందుకే కొత్త బిల్లు మీదే కేసు నిలపండి. ముందు లాయర్ నోటీసులో మార్జరిన్ కొన్న బిల్లులు చూపమని అడగండి. నెపం మార్జరిన్ తయారీదారు మీదికి నెడితే అతన్నీ ప్రతివాదిగా చేర్చవచ్చు. విశాఖ జిల్లా కమిషన్‌లో మీకు ఫీజు పడదు. 25 లక్షలు అడగొద్దు. బోర్డు తీసేయడం, తప్పు ఒప్పుకుంటూ ప్రకటన, పఫ్ ధర, ల్యాబు ఖర్చు, మితమైన పరిహారం అడగండి.