యూరోపియన్ యూనియన్‌లో చేరిన దేశానికి సొంత పెత్తనం ఎంత మిగులుతుంది?

"యూరోపియన్ యూనియన్ దేశాలకు సొంత చట్టాలు, సొంత ఖజానా, సొంత సరిహద్దులు ఇంకా ఉన్నాయా, లేక అంతా బ్రస్సెల్స్ చెప్పినట్టేనా?" అని అడిగారు. బ్రస్సెల్స్ అంటే యూనియన్ ప్రధాన కార్యాలయాలున్న బెల్జియం నగరం. నాకు అర్థమైనంతలో, సరుకుల విషయంలో పెత్తనం దాదాపు అంతా పోయింది. డబ్బు విషయంలో సగం పోయింది. సరిహద్దుల దగ్గరికి వచ్చేసరికి, అవసరం పడితే ఎవరి గేటు వాళ్ళు వేసుకుంటున్నారు.

నేను 2013లో చదువుకోడానికి జర్మనీలోని ఆఖెన్‌కి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరాను. ఊరికి ఒక పక్క నెదర్లాండ్స్, ఇంకో పక్క బెల్జియం. సిటీ బస్సెక్కితే డచ్ ఊరు వాల్స్‌లో దిగొచ్చు. అందుకే మీరడిగినది నాకు రోజూ కంటికి కనిపించే సంగతి.

ముందు చట్టాలు. బ్రస్సెల్స్ చేసేవి ముఖ్యంగా రెండు రకాలు. రెగ్యులేషన్ అంటే ఏ దేశ పార్లమెంటూ మళ్ళీ ఆమోదించే పని లేకుండా అన్ని చోట్లా నేరుగా అమలయ్యే చట్టం. జనాల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడేందుకు 2018 మే 25 నుంచి అమలవుతున్న జీడీపీఆర్ అలాంటిదే. డైరెక్టివ్ అయితే "ఫలానా తేదీలోగా ఈ పని జరిగేలా మీ చట్టం మీరు రాసుకోండి" అని చెప్పడం. పెద్ద చదువులు చదివి ఇక్కడ ఉద్యోగానికి వచ్చే మనవాళ్ళు తీసుకునే బ్లూ కార్డ్ అనే నివాస అనుమతి ఇలా పుట్టిందే. కార్డు పేరు అంతటా ఒకటే అయినా, ఎంత జీతం ఉంటే ఇవ్వాలన్నది ఏ దేశానికి ఆ దేశమే తేలుస్తుంది. ఐర్లాండ్, డెన్మార్క్ అసలు అందులోనే లేవు.

సొంత చట్టానికీ యూరప్ చట్టానికీ తగాదా వస్తే ఏది నెగ్గాలి? దీనికి జవాబు ఒక కరెంటు బిల్లు నుంచి వచ్చింది. 1960లలో ఇటలీ విద్యుత్తును జాతీయం చేస్తే, కోస్టా అనే లాయరు అది యూరప్ దేశాలు 1957లో చేసుకున్న రోమ్ ఒప్పందానికి విరుద్ధమంటూ బిల్లు కట్టకుండా కోర్టుకెక్కాడు. చిన్న మొత్తమే. కానీ ఆ కేసులోనే 1964లో లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం, ఉమ్మడి చట్టానిదే పైచేయి అని తేల్చింది. రోమ్ ఒప్పందంలో ఆ మాట ఎక్కడా లేదు! ఇప్పటికీ అందరూ తలొంచుతారని కాదు. జర్మనీ రాజ్యాంగ కోర్టే 2020లో ఒక విషయంలో, ఆ న్యాయస్థానం తన పరిధి దాటిందని చెప్పి తీర్పును పక్కన పెట్టింది.

యూనియన్‌కు ఇంటింటికీ వెళ్ళి చట్టం అమలు చేయించే పోలీసులు లేరు. చేతిలో ఉన్నది డబ్బు. శరణార్థుల విషయంలో తీర్పును లెక్కచేయలేదని 2024 జూన్‌లో హంగరీకి 20 కోట్ల యూరోలు, పైగా రోజుకు 10 లక్షల చొప్పున జరిమానా పడింది. హంగరీ కట్టలేదు. దాంతో ఆ దేశానికి రావలసిన యూరప్ నిధుల్లోంచే కోసుకోవడం మొదలుపెట్టారు.

పన్నుల సంగతి మనకు తేలిగ్గానే అర్థమవుతుంది, మన దగ్గర జీఎస్‌టీ వచ్చినా పెట్రోలు, మద్యం రాష్ట్రాల చేతిలో ఉండిపోయినట్టే ఇక్కడా కొన్ని వదిలేశారు. వ్యాట్ కనీసం 15 శాతం ఉండాలన్నది ఉమ్మడి నియమం. ఆ పైన జర్మనీ 19 వేస్తే హంగరీ 27 వేస్తుంది. జర్మనీలో వేయించిన కాఫీ మీద కిలోకి 2.19 యూరోల ప్రత్యేక పన్ను ఉంది, నెదర్లాండ్స్‌లో అది లేదు. అందుకే వాల్స్ సూపర్‌మార్కెట్లలో జర్మన్లు బండి నిండా కాఫీ ప్యాకెట్లు తోసుకుంటూ కనిపిస్తారు. పన్నుల మీద కొత్త నియమం పెట్టాలంటే 27 దేశాలూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా అంతే సంగతులు.

యూరో కథ ఇంత సరదాగా ఉండదు. నోటు ఉమ్మడిది, వడ్డీ రేటు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని కేంద్ర బ్యాంకుది, అప్పు మాత్రం ఎవరిది వారిదే. చిక్కంతా అక్కడే ఉంది. అప్పుల్లో మునిగిన గ్రీస్, సొంత కరెన్సీ ఉంటే దాని విలువ తగ్గించుకుని ఎగుమతులు పెంచుకునేది. ఆ దారి లేదు కాబట్టి జీతాలు, పెన్షన్లు కోసింది. 2015 జులైలో ప్రజాభిప్రాయం అడిగితే 61 శాతం మంది అప్పిచ్చేవాళ్ళ షరతులు వద్దన్నారు. ఎనిమిది రోజులు తిరక్కుండానే ప్రభుత్వం షరతులకు ఒప్పుకుంది. అప్పుడు మా ల్యాబ్‌లో ఒక గ్రీకు అబ్బాయి ఉండేవాడు. ఏటీఎంలో రోజుకు 60 యూరోలే ఇస్తున్నారని, వాళ్ళమ్మ రోజూ క్యూలో నిలబడుతోందని చెప్పి తెగ టెన్షన్ పడేవాడు. పెత్తనం వదులుకోవడమంటే ఏమిటో నాకు ఏ పాఠంలోనూ అంత బాగా అర్థం కాలేదు.

ఇక సరిహద్దులు. షెంగెన్ అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న దేశాల కూటమి. అదీ యూనియనూ ఒకటే అనుకోకండి. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు, షెంగెన్‌లో ఉంది. ఐర్లాండ్ దానికి తిరగేసి. జర్మనీ రెసిడెన్స్ కార్డుతో నేను జూరిక్ వెళ్ళిరావచ్చు, డబ్లిన్ వెళ్ళాలంటే వీసా తీసుకోవాలి. ఇంకో మెలిక కూడా ఉంది. అద్దె తక్కువని వాల్స్‌లో కాపురముండి ఆఖెన్‌లో ఉద్యోగం చేసే జర్మన్లు బోలెడంత మంది. ఆ స్వేచ్ఛ యూనియన్ పౌరులది. భారత పాస్‌పోర్టుతో ఉన్న మనం అక్కడ కూరగాయలు కొనుక్కోవచ్చు గానీ, డచ్ అనుమతి లేకుండా ఇల్లు తీసుకుని ఉండలేం.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు బెల్జియం అత్యవసరం కాని రాకపోకలు ఆపేసింది. నెదర్లాండ్స్ వైపు మాత్రం దారి తెరిచే ఉంది. ఒకే ఊరికి రెండు పక్కలా రెండు రకాలు! 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన అన్ని భూసరిహద్దుల్లో తనిఖీలు పెట్టింది. ఆరు నెలలకని చెప్పి పొడిగించుకుంటూ వచ్చారు. ఆస్ట్రియా వైపు "తాత్కాలిక" తనిఖీలైతే 2015 నుంచీ నడుస్తున్నాయి. పక్క ఊరికే కదా అని పాస్‌పోర్టు, కార్డు ఇంట్లో వదిలేసి వెళ్ళకండి.

ఇంత చూశాక "బ్రస్సెల్స్ పెత్తనం" అన్న మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. చట్టాలకు ఓటేసే మండలిలో కూర్చునేది ఈ దేశాల మంత్రులే. అక్కడ చెయ్యెత్తి, ఇంటికొచ్చి "మేమేం చేస్తాం, బ్రస్సెల్స్ చెప్పింది" అనడం వాళ్ళకు అలవాటు.

ఆ కుర్చీ కూడా లేనివాళ్ళ సంగతి వేరు. 2014 మేలో పండు ఈగలు దొరికాయని భారత్ నుంచి మామిడి, వంకాయ, కాకర, పొట్లకాయ, చేమలను యూనియన్ మొత్తం ఆపేసింది. మామిడి ఎక్కువగా తెప్పించుకునే బ్రిటన్ అప్పుడు సభ్యదేశమే. గొడవ చేసింది గానీ తన ఒక్కదానికీ తలుపు తీసుకోలేకపోయింది. మామిడికి మళ్ళీ దారి దొరికింది 2015లోనే. 2016లో మన చెరువు రొయ్యల మీద యాంటీబయాటిక్ పరీక్షలను 10 శాతం సరుకు నుంచి 50 శాతానికి పెంచారు. భీమవరం రైతు మందు వాడకం మార్చుకోవలసిందే, లేదా వేరే దేశపు కొనుగోలుదారుని వెతుక్కోవలసిందే. ఆ నియమం పెట్టేటప్పుడు ఆయన తరఫున ఓటు వేసేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు.