ఢిల్లీకి 92 వేలా? ముందు తిథి వారం చూసుకోండి

హనుమకొండ నుంచి ఒక టీచర్ గారు రాశారు. దసరా సెలవుల్లో ఆమె, భర్త, 13, 9 ఏళ్ల పిల్లలు, 67 ఏళ్ల అత్తగారు మొదటిసారి ఢిల్లీ వెళ్తున్నారు. రైలు టికెట్లు రానూపోనూ తీసేసుకున్నారు. శుక్రవారం పొద్దున దిగి, మంగళవారం మధ్యాహ్నం తిరుగు రైలు ఎక్కుతారు. ట్రావెల్ ఏజెంట్ హోటల్, కారు, తిండి, గైడ్ అన్నీ కలిపి 92,000 అన్నాడు. 5,000 అడ్వాన్స్ ఇచ్చేశారు, అది పోను చేతిలో 45,000 ఉంది. తక్కువ పడే 42,000 క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టుకోవాలా, అత్తగారి పేరున ఉన్న లక్ష ఎఫ్‌డీ తీసేయాలా అని అడిగారు.

అమ్మా, రెండూ వద్దు. మీకు తక్కువ పడుతున్నది డబ్బు కాదు.

మీరు పంపిన ఏజెంట్ ప్లాన్ చూశాను. శుక్రవారం దిగగానే అదే కారులో ఆగ్రా, తాజ్‌మహల్. సోమవారం ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు, మిగతా మూడింటికీ సోమవారం సెలవు! అంటే 92,000 కట్టి నాలుగు చోట్ల గేటు ముందు ఫోటో దిగి రావాలన్నమాట. నవ్వడానికి నాకూ హక్కు లేదు లెండి, నా మొదటి ఆగ్రా ప్రయాణం కూడా శుక్రవారమే జరిగింది, అంత దూరం వెళ్లి యమున అవతలి ఒడ్డున మెహతాబ్ బాగ్ నుంచి తాజ్‌ను చూసి, పేఠా (బూడిద గుమ్మడికాయ మిఠాయి) డబ్బాలు పట్టుకుని వచ్చేశాం, కారు డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చాం.

ఢిల్లీ విషయంలో చాలామందికి తెలియనిది ఏమిటంటే అక్కడ చూడటానికి పెద్దగా ఖర్చు ఉండదు, తిరగడానికీ పడుకోవడానికే అవుతుంది. ఎర్రకోట, కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, ఈ మూడింటికీ ఆన్‌లైన్‌లో కొంటే మనవాళ్లకు మనిషికి 35 రూపాయలు (ఎర్రకోటలో మ్యూజియాలు కూడా చూస్తే ఇంకాస్త), పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు. పెద్దవాళ్లు ముగ్గురికీ కలిపి 315. తాజ్‌మహల్‌కు 50, లోపల సమాధి దాకా వెళ్లాలంటే ఇంకో 200, అంటే ముగ్గురికి 750. ఇండియా గేట్, యుద్ధ స్మారకం, లోటస్ టెంపుల్, రాజ్‌ఘాట్ అన్నీ ఉచితం. అక్షర్‌ధామ్ ప్రవేశం కూడా ఉచితమే, కాకపోతే ఫోన్లూ బ్యాగులూ బయటే పెట్టాలి. బంగ్లా సాహిబ్ గురుద్వారాలో అయితే దర్శనంతో పాటు భోజనం కూడా పెడతారు.

ఇప్పుడు ఈఎంఐ లెక్క చూడండి. 42,000కి 16% వడ్డీ వేస్తే నెలకు సుమారు 3,800 కట్టాలి. ఏడాదికి వడ్డీ, ఆ వడ్డీ మీద 18% జీఎస్టీ కలిపి దాదాపు 4,400 అవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. మీ కుటుంబం మొత్తం చూడబోయేవాటి టికెట్లు వెయ్యి చిల్లర, వాటిని చూడటానికి చేసే అప్పుకు వడ్డీ నాలుగు వేల నాలుగు వందలు! ‘నో కాస్ట్ ఈఎంఐ మేడమ్’ అని ఏజెంట్ అన్నాడని రాశారు. కార్డుల మీద సున్నా వడ్డీ అనేది ఉండదని, ఆ వడ్డీని వేరే పేరుతో కస్టమర్ మీదే వేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే చెప్పింది. నగదుగా కడితే ఎంత తగ్గిస్తావని అతన్ని అడిగి చూడండి, దాక్కున్న వడ్డీ ఎంతో తెలుస్తుంది.

ఎఫ్‌డీ సంగతి ఇంకా సులువు. అది మీ అత్తయ్య గారి మందులు, ఆసుపత్రి డబ్బు, విహారానికి ముట్టుకోకూడదు. ఆవిడే ‘తీసేయండమ్మా’ అన్నా సరే.

నేనైతే ఇలా వేస్తాను. మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో, కరోల్ బాగ్ లాంటి చోట, రెండు గదులు ఒక్కోటి 2,500 చొప్పున నాలుగు రాత్రులకు 20,000. తిండికి 9,000. ఊళ్లో మెట్రో, ఆటోలకు 2,400. ఆగ్రాకు ఒకరోజు కారు, మీరు అయిదుగురు కాబట్టి పెద్ద బండే కావాలి, 8,000 పక్కన పెట్టండి. టికెట్లు, గైడు కలిపి 2,000. మొత్తం 41,400. ఆగ్రాకు రైల్లో వెళ్తే ఇంకా తగ్గుతుంది కానీ అత్తయ్య గారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని కారే రాశాను, అక్కడ మాత్రం పీనాసితనం చేయకండి.

శుక్రవారం దిగగానే ఎక్కడికీ పరుగెత్తొద్దు, స్నానం చేసి పడుకోండి, సాయంత్రం బంగ్లా సాహిబ్, ఇండియా గేట్ చాలు. ఇండియా గేట్‌కు దగ్గర్లోనే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది, మధ్యాహ్నం భోజనానికి క్యూ ఉంటుంది, నిలబడండి, రెండు రోజులు రొట్టెలు తిన్న అత్తయ్య గారికి పప్పు, గోంగూర, అన్నం కనబడితే మిగతా ప్రయాణం సాఫీగా సాగుతుంది. శనివారం పొద్దున ఎర్రకోట, చాందినీ చౌక్. దసరా రోజులు కాబట్టి సాయంత్రం ఎర్రకోట ఎదుటి మైదానాల్లో రామ్‌లీల ఉంటే చూడండి, పిల్లలు తాజ్‌మహల్‌నైనా మరిచిపోతారు గానీ దాన్ని మరిచిపోరు. ఆదివారం కుతుబ్ మినార్, లోటస్ టెంపుల్, ఓపిక ఉంటే సాయంత్రం అక్షర్‌ధామ్. ఆదివారాల్లో మెట్రో చార్జీలూ తక్కువే. సోమవారం ఆగ్రా, శని, ఆదివారాలంత జనం ఉండరు.

స్టేషన్ బయట ఎవరైనా వచ్చి మీ హోటల్ బుకింగ్ క్యాన్సిల్ అయింది, గవర్నమెంట్ టూరిస్ట్ ఆఫీసుకు తీసుకెళ్తా అంటే ఆగకుండా నడవండి. ఆగ్రాలో డ్రైవర్ పాలరాయి షాపు ముందు బండి ఆపితే దిగనని చెప్పండి, మీరు కొన్నదాంట్లో అతనికి కమీషన్ ఉంటుంది. మీ వారికి ఆఫీసులో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణానికి ఇచ్చే భత్యం) ఉండి పాత పన్ను విధానంలో ఉంటే, పన్ను మినహాయింపు కోసం రైలు టికెట్లు దాచుకోండి, హోటల్, ఆగ్రా కారు బిల్లులు దానికి పనికిరావు.

ప్రయాణానికి ఇంకా రెండు నెలలు ఉందన్నారు కదా. తిరిగొచ్చాక నెలకు 3,800 ఈఎంఐ కట్టగలం అనుకున్నారంటే, అదే డబ్బు ఈ నెలా వచ్చే నెలా ముందే పక్కన పెట్టగలరు. 45,000కు 7,600 కలుస్తుంది. నా లెక్క పోను 11,000 పైన మిగులుతుంది, అందులో సగం అత్యవసరానికి ఉంచి, మిగతాది షాపింగ్‌కు వాడుకోండి. సరోజినీ నగర్ మార్కెట్ కూడా సోమవారం మూసే ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

ఇక ఆ 5,000 అడ్వాన్స్. అది పోతుందేమోనన్న బాధతో 87,000 కట్టడానికి సిద్ధపడొద్దు. అసలు పోగొట్టుకోనవసరం కూడా లేదేమో. అతనికి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి: ‘శుక్రవారం తాజ్‌మహల్, సోమవారం ఎర్రకోట ఎలా చూపిస్తారో రాసి పంపండి, లేదంటే అడ్వాన్స్ వెనక్కి ఇవ్వండి’ అని.