డబ్బు, మెషీన్లు ఉన్నా వేరే దేశంలో చిప్ ఫ్యాక్టరీ పెట్టడం ఎందుకంత కష్టం?

ఎందుకంటే పని తెలిసిన మనుషులు మెషీన్లతో పాటు ఓడెక్కి రారు. తైవాన్ చిప్‌ల కంపెనీ టీఎస్ఎంసీ అమెరికాలోని అరిజోనాలో ఫ్యాక్టరీ పెడతామని 2020లో చెప్పింది. 2024లో మొదలవ్వాల్సిన ఉత్పత్తి 2025కి పోతుందని 2023 జులైలో కంపెనీయే ప్రకటించింది. మెషీన్లు బిగించే అనుభవం ఉన్నవాళ్లు అక్కడ చాలడం లేదని, తైవాన్ నుంచి టెక్నీషియన్లను పంపి నేర్పిస్తామని చెప్పింది.

నాది చిప్‌ల ఫీల్డ్ కాదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందు ట్యాబ్లెట్ల ప్రొడక్షన్. కానీ ఇదే కథ నా కళ్ల ముందే జరిగింది.

అప్పుడు నేను చేసే కంపెనీ, హైదరాబాద్ పాత ప్లాంట్‌లో ఏళ్లుగా చేస్తున్న ఒక ట్యాబ్లెట్‌ను మా కొత్త ప్లాంట్‌కి మార్చింది. అదే ఫార్ములా, పొడిని ట్యాబ్లెట్‌గా ఒత్తే అదే కంప్రెషన్ మెషీన్, ఏ స్టెప్పు తర్వాత ఏది చెయ్యాలో రాసుండే బ్యాచ్ రికార్డు అక్షరం పొల్లుపోకుండా అదే. నడిపిన కాసేపటికే స్టికింగ్. ట్యాబ్లెట్‌ను ఒత్తే అచ్చు, అంటే పంచ్, దాని మొహానికి పొడి అతుక్కుపోయి ట్యాబ్లెట్ మీది అక్షరాలు చెదిరిపోయేవి. మెషీన్ ఆపుడు, పంచ్‌లు తీసి తుడుసుడు, మళ్లీ ఎక్కిచ్చుడు. క్వాలిటీ వాళ్లు కాగితాలన్నీ తిరగేశారు. తేమ లిమిట్‌లోనే ఉంది.

చివరికి పాత ప్లాంట్ నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. పదో తరగతి చదివిన ఆపరేటర్. ఆయన మెషీన్ దిక్కు కూడా చూడలేదు. గ్రాన్యూల్స్, అంటే ట్యాబ్లెట్‌గా ఒత్తబోయే మందు రవ్వ, నింపిన డ్రమ్ము మూత తీసి, లోపలి పాలిథిన్ కవర్‌కు వేలు రాసి నాకు చూపించాడు. సన్నటి తడి.

"వేడివేడిగ మూటగడితే చెమట పట్టదా సార్? సల్లారనియ్యున్రి."

పాత ప్లాంట్‌లో రవ్వను పొడి చేసే మిల్లు ఒక్కటే. డ్రయర్‌లోంచి తీసిన సరుకు తన వంతు వచ్చేదాకా ఆగేది, ఆ ఆగడంలోనే చల్లారేది. మా దగ్గర రెండు మిల్లులు, ఆగే పనే లేదు. తీసుడు, మిల్లు పట్టుడు, కవర్‌లో కట్టుడు. ఆ ఆగడాన్ని ఎవరూ ఒక స్టెప్పు అనుకోలేదు కాబట్టి రికార్డులోకి ఎక్కలేదు.

ఒక మామూలు మాత్రకే ఇంత ఉంటే, వందల స్టెప్పులు దాటి నెలల తరబడి నడిచే చిప్‌లో ఇలాంటివి ఎన్ని దాగి ఉంటాయి? అధునాతన చిప్‌ల మీద సన్నటి గీతలను వెలుగుతో అచ్చేసే ఈయూవీ మెషీన్ సెకనుకు 50,000 తగరపు బొట్లను లేజర్‌తో కొట్టి వెలుగు పుట్టిస్తుంది. దాన్ని తయారుచేసేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే. టీఎస్ఎంసీ, సామ్‌సంగ్, ఇంటెల్ అందరూ అక్కడే కొంటారు. అయినా ముగ్గురి ఫలితం ఒకటి కాదు.

అదే టీఎస్ఎంసీ జపాన్‌లోని కుమమొతోలో 2022లో పని మొదలుపెట్టి 2024 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ ప్రారంభించింది. అది పాత తరం చిప్‌లది, అందుకే సులువైంది అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. సోనీ చిప్ ఫ్యాక్టరీ ఆ పక్కనే ఎప్పటినుంచో ఉంది. సరుకులిచ్చేవాళ్లు, పని తెలిసినవాళ్లు ముందే ఆ ఊళ్లలో ఉన్నారు.

మన దగ్గరేమో అంతా కాంట్రాక్టు. పాలమూరు పోరగాడు ఒక మెషీన్ మీద చెయ్యి తిరిగే సమయానికి కాంట్రాక్టర్ మారతాడు, వాడూ మారతాడు. ఆ పెద్దాయన రిటైర్ అయ్యేదాకా ఆయన కింద నేర్చుకోవడానికి ఒక్కరినీ పెట్టలేదు. నాకు ఇప్పటికీ మంటే. పాలిటెక్నిక్ లాబుల్లో మెషీన్లు పాడైతయని కవర్లు కప్పి పెడతారు. ముట్టనియ్యకుంటే ఎట్ల వస్తది పని?

గుజరాత్‌లోని ధొలేరాలో టాటాలు, తైవాన్‌కు చెందిన పీఎస్ఎంసీ కలిసి రూ.91,000 కోట్లతో ఫ్యాబ్, అంటే చిప్ ఫ్యాక్టరీ, కడుతున్నారు. చాలా సంతోషం. తెలంగాణకూ ఒకటి కావాలని అడిగే నాయకులు భూమి, కరెంటు, సబ్సిడీ అంటారు. నేనైతే ముందు మన డిప్లొమా పిల్లలను బ్యాచ్‌లకు బ్యాచ్‌లు తైవాన్ ఫ్యాక్టరీలకు పంపమంటాను. తిరిగొచ్చాక పర్మనెంట్ ఉద్యోగం రాసిచ్చి మరీ.